ముగ్గురాయి స్లర్రీ మోడల్ ఇలా దారికొచ్చింది

మంగంపేట ముగ్గురాయి పొడి కలిపిన నీళ్లు పైపులో ఎలా పారతాయో కడపలో కూర్చుని ఓపెన్‌ఫోమ్‌లో (ద్రవాల ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ చేస్తున్నాను. స్క్రీన్ మీద పొడంతా పైపు మొదట్లోనే అడుగుకు చేరిపోయేది. నిజం పైపులో మాత్రం చివరిదాకా చిక్కటి నీళ్లే. మెష్ (పైపును లెక్క కోసం చిన్న గడులుగా విడగొట్టిన తీరు) మార్చా, టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకూ మధ్య కాలం) తగ్గించా, ఫలితం లేదు. ఒకటే టెన్షన్.

అసలు సంగతి గాజు జార్‌లో కనిపించింది. పలచగా కలిపితే పొడి గబగబా దిగింది. చిక్కగా కలిపితే పైన తేటనీరు, కింద పొడి, మధ్యలో గీత చాలా నిదానంగా జారింది. రేణువులు దిగాలంటే నీళ్లు వాటి సందుల్లోంచే పైకి రావాలి కదా!

మోడల్ కోసం నాకు అందిన ఫైల్లో ఉన్నది మాత్రం ఒంటరి రేణువు దిగే వేగం. 45 మైక్రాన్ల ముగ్గురాయికి స్టోక్స్ సూత్రం ప్రకారం సెకనుకు దాదాపు 3.5 మిల్లీమీటర్లు. దాన్ని 1954 నాటి రిచర్డ్‌సన్–జాకీ సూత్రంతో సరిచేశా: మొత్తం ఘనపరిమాణంలో నీటి వంతును (20 శాతం పొడైతే 0.8) 4.65 ఘాతానికి హెచ్చించి, ఆ వేగంతో గుణించాలి. ఘనపరిమాణంలో 20 శాతం పొడి ఉంటే వేగం సెకనుకు దాదాపు 1.2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఎంత తేడానో చూడండి!

ఇప్పుడు మేట సరైన చోటే కడుతోంది. అడుగున పొడి భాగం సుమారు 0.6 దాటకుండా హద్దు కూడా పెట్టండి, రేణువులు అంతకంటే దగ్గరగా సర్దుకోవడం కష్టం.