బిజెన్ వాజులో నీళ్లు పోసే ముందు

బిజెన్ వాజు, అంటే జపాన్ మట్టి పూలకూజా, కొని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లంటే నాకు చిరాకు. నీళ్లు పడితేగానీ ఆ మట్టి రంగు తేలదు.

జపాన్‌లో ఒకాయామా దగ్గరి ఇంబేలో చేసే ఈ సరుక్కి గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూయరు. ఎర్ర పైన్ కట్టెలతో రోజుల తరబడి, 1200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఎగిరిన బూడిద ఒకవైపు కరిగి, నువ్వులు చల్లినట్టు అంటుకుంటుంది. ఈ పనిలో పేరున్న కకురెజాకి ర్యూయిచి 1950లో నాగసాకి ప్రాంతంలో పుట్టి, ఇసెజాకి జున్ అనే బిజెన్ కళాకారుడి దగ్గర పని నేర్చుకున్నారు. కకురెజాకి వాజులు చూస్తే కుండ గుర్తుకు రాదు: అన్నీ కోణాలు, కోసిన అంచులు. నా దగ్గరున్నది అంత పేరున్నవారిది కాదు గానీ వాడే పద్ధతి ఒకటే.

ముందు అడుగు తడిమి చూడండి. గరుగ్గా ఉంటే సన్నరకం ఉప్పు కాగితంతో రుద్దండి, లేకపోతే టేబుల్ మీద గీతలు ఖాయం. తర్వాత బకెట్లో మునిగేలా అరగంట నానబెట్టండి. పైతడి తుడిచి, నీళ్లు నింపి, పాత పేపరు మీద రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి పేపరు కాస్త తడిస్తే టెన్షన్ పడక్కర్లేదు, గ్లేజు లేని మట్టికి చెమ్మ ఊరడం మామూలే. కింద ఒక పళ్లెం పెట్టుకుంటే సరి. మరీ కారుతుంటే బియ్యం కడిగిన చిక్కటి నీళ్లు నింపి ఒక రోజు ఉంచండి. ఆ పిండి సన్నటి రంధ్రాల్లో కూరుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే లోపల పట్టే గాజు గొట్టం పెట్టుకోవడమే. సిలికాన్ పూయడానికి మాత్రం నాకు మనసొప్పదు.

పూలగుత్తులు కుక్కకండి, ఒక్క కొమ్మ చాలు. మూతి ఏటవాలుగా ఉండి కాడ నిలవకపోతే, లోపల ఒక చిన్న పుల్లని అడ్డంగా బిగించి దానికి ఆనించండి.

కడగడానికి సబ్బు వద్దు. గోరువెచ్చని నీళ్లు, సీసాలు కడిగే బ్రష్ చాలు. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది కాబట్టి నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. తొందరపడి పెట్టెలో పెడితే బూజు వాసన పడుతుంది. వాజుతో పాటు వచ్చే చెక్కపెట్టెని పారేయకండి. దాని మీద చేసినవారి చేతిరాత, ముద్ర ఉంటాయి, అవి లేకుండా అమ్మబోతే ధర పడిపోతుంది. వాజుని చుట్టి ఇచ్చే పసుపుపచ్చ గుడ్డకి పూర్వం పురుగు పట్టకుండా మన పసుపుతోనే రంగు వేసేవారు. తడి వాజుకి దాన్ని చుట్టకండి, రంగు మట్టికి పట్టిందంటే వదలదు.