కారు ఒక్కోసారి స్టార్ట్ అవ్వట్లేదా? బ్యాటరీ మార్చేసే ముందు ఇవి చూడండి

అస్సలు స్టార్ట్ అవ్వని కారుతో పెద్ద బాధ లేదండి, మెకానిక్ వచ్చి చూసి తేల్చేస్తాడు. తలనొప్పంతా ఒక్కోసారి మాత్రమే మొరాయించే కారుతోనే. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయిపోతుంది, ఆయనేమో బ్యాటరీ మార్చేద్దాం సార్ అంటాడు, మార్పిస్తాం, కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. అందుకే మొరాయించినప్పుడే దాన్ని పట్టుకోవాలి. కంగారులో టపాటపా సెల్ఫ్ కొట్టకుండా లోపల లైటు వేసి, ఒక్కసారి కీ తిప్పి వినండి, పక్కన ఎవరైనా ఉంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, రేపు మెకానిక్‌కి చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. నేను పెట్రోల్ మాన్యువల్ కార్ల గురించే రాస్తున్నా, డీజిల్ అయితే గ్లో ప్లగ్‌ల (స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ లోపల వేడిచేసేవి) గొడవ అదనం.

కీ తిప్పగానే టకటకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు డల్ అయిపోతే కరెంటు చాలట్లేదని. ఒక్క టక్ అని ఆగిపోయి, లైట్లు మాత్రం ఫుల్‌గా వెలుగుతుంటే సెల్ఫ్ మోటార్ మీద అనుమానం. ఏ చప్పుడూ లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, సెల్ఫ్ రిలే (సెల్ఫ్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్), క్లచ్ స్విచ్ లాంటివి (చాలా కార్లు క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తీసుకుంటాయి, కింద మ్యాట్ అడ్డం పడినా అంతే). ఇంజిన్ బాగానే తిరుగుతోంది గానీ అందుకోవట్లేదంటే బ్యాటరీని వదిలేయండి, పెట్రోలో స్పార్కో అందట్లేదు.

మొదటి రకమే ఎక్కువ. దీనికి ఒక మామూలు మల్టీమీటర్ కొనుక్కోండి, ఖర్చు దండగ కాదు. డీసీ 20 వోల్ట్‌లలో పెట్టి, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే బ్యాటరీ మీద చూడండి. 12.6 దగ్గర ఉంటే ఫుల్ ఛార్జ్, 12.2 అంటే సగం, 12 కంటే కిందుంటే దాదాపు ఖాళీ. తర్వాత సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూడాలి, 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీ నీరసపడింది. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో ఛార్జింగ్ ఇస్తోందని, కాకపోతే ఈమధ్య కొన్ని కార్లలో ఛార్జింగ్‌ని కంప్యూటరే తగ్గించి పెంచుతుంది కాబట్టి అలాంటి వాటిలో కాసేపు తక్కువ చూపించినా భయపడక్కర్లేదు. మన ఎండలకి బ్యాటరీ ఎలాగూ త్వరగా పోతుంది, మూడు నాలుగేళ్లు దాటినదైతే లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూడటం) చేయించండి.

ఇంత చూశాక కూడా బ్యాటరీ బాగానే ఉందనుకోండి, అప్పుడు టెర్మినల్స్, అంటే బ్యాటరీ పైన ప్లస్, మైనస్ పోస్టులు, వాటికి బిగించే క్లాంపులు. పైకి శుభ్రంగా కనిపించినా క్లాంప్ లోపలివైపు చిలుము పట్టి ఉంటుంది, చేత్తో పట్టుకుని తిప్పితే కదిలిందంటే దొంగ దొరికినట్టే. చాలా కార్లకి 10 నంబర్ పానా చాలు. ముందు మైనస్ విప్పండి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో (ప్లస్ ముందు విప్పితే పానా పొరపాటున బాడీకి తగిలి పెద్ద మంట వస్తుంది). తెల్ల పొడి ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక, పోస్టునీ క్లాంప్ లోపలనీ సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి అప్పుడు పైన వ్యాజలీన్ రాయండి.

చాలామంది వదిలేసేది ఎర్త్ కేబుల్. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, గేర్‌బాక్స్‌కి వెళ్లే వైరు ఇది, బోల్ట్ దగ్గర తుప్పు పడితే ఒక రోజు పనిచేసి ఒక రోజు చేయదు. మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ పోస్టుకి, రెండోది ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి ఆనించి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్ట్‌ల దాకా పర్లేదు, అర వోల్ట్ దాటిందంటే ఆ కేబులే మీ కారుని సతాయిస్తోంది. విప్పి, గీకి, బిగిస్తే పోతుంది, లేదా కేబుల్ మార్చాలి. బ్యాటరీ కంటే ఎంతో చవక.

సెల్ఫ్ మోటార్ మీదే అనుమానం అయితే, ఒకరు కీ తిప్పి పట్టుకుంటే ఇంకొకరు మోటార్ బాడీ మీద రాడ్‌తో మెల్లగా తట్టాలి, తిరిగిందంటే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయని దాదాపు ఖాయం. గట్టిగా బాదొద్దు, లోపల మ్యాగ్నెట్లుంటే పగులుతాయి. షెడ్డులో మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు, ముందు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బ్రష్‌లు, సొలనాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) చూపించండి.

ఇంజిన్ తిరిగి కూడా అందుకోకపోతే ఎప్పుడు అలా చేస్తోందో గమనించండి. దూరం వెళ్లి వేడి మీద ఆపి, టీ తాగొచ్చి కీ తిప్పితే స్టార్ట్ అవ్వక, అరగంట చల్లారాక అయిపోతోందంటే ముందు చూడాల్సింది క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని కారు కంప్యూటర్‌కి చెప్పేది). సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు అస్సలు కదలకపోతే అనుమానం ఇంకా గట్టిపడుతుంది, కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే ఆ సెన్సర్‌కి సంబంధించిన పీ0335 కోడ్ రావచ్చు, రాకపోయినా సెన్సర్ మంచిదని అనుకోవద్దు. అదే పొద్దున్నే మాత్రం సతాయిస్తే, కీ ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, రెండు మూడు సార్లు అలా చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా, అయితే రాత్రి పూట పెట్రోల్ ప్రెషర్ దిగిపోతోంది, ఫ్యూయల్ పంప్ దగ్గర చూపించాలి. కీ ఆన్ చేసినప్పుడు వెనక సీటు వైపు నుంచి సన్నగా జుయ్‌మని శబ్దం రావాలి, అది ఒక్కోసారి రాకపోతే పంప్ రిలే, కనెక్టర్ చూడండి.

ఇవేవీ కాక, డ్యాష్‌బోర్డ్‌లో తాళం బొమ్మ లైటు అదేపనిగా వెలిగి ఆరుతుంటే ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే స్టార్ట్ అవ్వనివ్వని దొంగల అడ్డు) కీని గుర్తుపట్టట్లేదు, ఇంట్లో ఉన్న రెండో తాళంతో ట్రై చేయండి, దాంతో ప్రతిసారీ స్టార్ట్ అయితే మొదటి తాళంలోని చిప్‌ని చూపించాలి.