టర్బో కారులో మార్పులు చేశాక హార్స్‌పవర్ ఎంత పెరిగిందో కొలవడం ఎలా?

డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పైపు) మార్చి, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది) బిగించి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాక, అంటే దాని సెట్టింగులు మార్పించాక, మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కితే కారు ఇదివరకటి కంటే గట్టిగా లాగినట్టే ఉంటుంది. నిజంగానే లాగుతూ ఉండొచ్చు. అయితే ఎగ్జాస్ట్ చప్పుడు పెరిగినా అలాగే అనిపిస్తుంది, బూస్ట్ (టర్బో పెంచే గాలి పీడనం) మెల్లగా రాకుండా ఒక్క ఉదుటున వచ్చినా అలాగే అనిపిస్తుంది. సీటు వీపును నెట్టే తీరు చూసి, పెరిగింది 10 హార్స్‌పవరో 30 హార్స్‌పవరో చెప్పడం ఎవరి వల్లా కాదు.

కొలవడానికి డైనో (పవర్ కొలిచే యంత్రం) ఉంది, జీపీఎస్ ఉంది, కారులో ముందే ఉన్న సెన్సర్లున్నాయి. దేంతో కొలిచినా పెరుగుదల అంటే రెండు కొలతల మధ్య తేడాయే. ఆ రెండూ ఒకే పరిస్థితుల్లో తీసినవైతేనే తేడాను నమ్మొచ్చు. టర్బో ఇంజిన్‌తో ఈ జాగ్రత్త మరీ అవసరం. లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే నాకింగ్ (ఇంధనం వేళ తప్పి పేలడం) రాకుండా ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగేస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. చాలా కార్లలో బూస్ట్ కూడా తగ్గిస్తుంది. అందుకే నట్టు కూడా కదపని కారు పావుగంట తేడాలో రెండు రకాల అంకెలు చూపిస్తుంది.

మొదటి కొలత: స్పానర్ పట్టుకోక ముందే

మొదటిసారి ఈ పని నేను తలకిందులుగా చేశాను. ముందు రీమ్యాప్ చేయించి, ఆ తర్వాత డైనో మీద పెట్టించాను. వచ్చిన అంకెను కంపెనీ బ్రోషర్‌లో ఉన్నదానితో పోల్చాను. బ్రోషర్‌లో ఉన్నది ఇంజిన్ దగ్గర కొలిచిన పవర్, నా చేతిలో ఉన్నది చక్రాల దగ్గర కొలిచింది. ఆ రెండింటినీ పక్కన పెట్టి ఏమీ తేల్చలేం. ఆ రీమ్యాప్ వల్ల ఎంత పెరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. అందుకే ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే: విడిభాగాలు ఇంటికి వచ్చినా సరే, బిగించే ముందు ఒకసారి కొలిపించండి.

కొలిపించే ముందు కారు ఆరోగ్యం సరిచూసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, ఇంజిన్ ఆయిల్ మార్చాల్సి ఉంటే అప్పుడే మార్చేయండి. ఇన్‌టేక్ పైపుల్లో ఎక్కడైనా గాలి లీకవుతోందేమో ప్రెషర్ పెట్టి చూడండి. వదులైన ఒక్క క్లాంప్ వల్ల బూస్ట్ పోతూ ఉండి, కొత్త ఇంటర్‌కూలర్ బిగించేటప్పుడు ఆ క్లాంప్ కూడా సరిపడిందనుకోండి, పెరిగిన పవరంతా ఇంటర్‌కూలర్ ఖాతాలో పడిపోతుంది.

యూనిట్ చూసి రాసుకోండి

హార్స్‌పవర్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి 745.7 వాట్లు, దాన్ని హెచ్‌పీ అంటారు. రెండోది మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు, దాన్ని పీఎస్ అని రాస్తారు. పవర్ అంటే టార్క్‌ను వేగంతో గుణించడమే. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 5000 ఆర్‌పీఎం దగ్గర 250 న్యూటన్ మీటర్లుంటే అది 130.9 కిలోవాట్లు. అదే పవర్‌ను ఒక చోట 175.5 హెచ్‌పీ అని, ఇంకో చోట 178 పీఎస్ అని ప్రింట్ చేస్తారు. ముందు కాగితం ఒక యూనిట్‌లో, తర్వాతి కాగితం ఇంకో యూనిట్‌లో ఉంటే ఏమీ చేయకుండానే రెండున్నర పెరిగినట్టు కనిపిస్తుంది. నేనైతే అన్నీ కిలోవాట్లలోకి మార్చుకుని రాసుకుంటాను.

డైనో మీద కొలవడం

చక్రాలను రోలర్ల మీద పెట్టి కొలిచేదాన్ని ఛాసిస్ డైనో అంటారు. ఇందులో ఇనర్షియా రకం బరువైన రోలర్‌ను ఇంజిన్ ఎంత త్వరగా తిప్పగలిగిందో చూసి పవర్ లెక్కగడుతుంది. ఎడ్డీ కరెంట్ రకం విద్యుదయస్కాంత బ్రేకుతో రోలర్‌ను ఆపుతూ, ఆ బలాన్ని నేరుగా కొలుస్తుంది. చక్రాలు విప్పి హబ్‌లకే (చక్రం బిగించే భాగాలకే) బిగించే రకం కూడా ఉంది, అందులో టైరు జారే సమస్య ఉండదు. టర్బో కారుకు లోడ్ పెట్టగలిగే డైనో దొరికితే మంచిది. తేలికైన రోలర్ మీద ఇంజిన్ గబగబా పైకెళ్లిపోతే టర్బోకు పూర్తి బూస్ట్ కట్టే సమయమే దొరకదు, రోడ్డు మీద వచ్చే టార్క్ గ్రాఫ్‌లో కనిపించదు.

ఏ రకమైనా ఫర్వాలేదు కానీ రెండుసార్లూ అదే డైనో కావాలి. వేరే డైనోలో ఎక్కువ వచ్చిందనో తక్కువ వచ్చిందనో టెన్షన్ పడాల్సిన పని లేదు. రెండు యంత్రాలు ఒకే కారుకు ఒకే అంకె ఇవ్వవు.

రన్ చేసేటప్పుడు ఇలా వెళ్లండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి నింపి, ఎంత పెట్టారో రాసుకోండి. గేర్ నిష్పత్తి 1:1కి దగ్గరగా ఉండే గేర్ ఎంచుకోండి, చాలా మాన్యువల్ కార్లలో అది నాలుగో గేర్. రెండోసారి కూడా అదే గేర్. కారును కట్టే పట్టీలు ఎంత బిగించారన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది, టైరు రోలర్ మీద గట్టిగా నొక్కుకుంటే అక్కడే కొంత పవర్ పోతుంది. ఆపరేటర్‌ను ర్యాంప్ రేటు (రోలర్ వేగం ఎంత త్వరగా పెరగనిస్తారన్నది) ఎంత, గ్రాఫ్ స్మూతింగ్ (గీతను నునుపు చేయడం) ఎంత అని అడిగి నోట్ చేసుకోండి, మళ్లీ వచ్చినప్పుడు అవే పెట్టమనండి. ఆల్ వీల్ డ్రైవ్ కారైతే నాలుగు చక్రాలకూ రోలర్లుండాలి. ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆ కారు మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఆపాలి.

వేడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 30 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు పీడనానికి నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి దాదాపు 125 డిగ్రీలకు చేరుతుంది. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. రోడ్డు మీద దానికి ఎదురుగాలి తగులుతుంది, డైనో గదిలో ఉన్నది ఒక ఫ్యాన్ మాత్రమే. వరుసగా రన్‌లు చేస్తూ పోతే ఇంటర్‌కూలరే వేడెక్కిపోతుంది. ఇన్‌టేక్ గాలి 40 నుంచి 60 డిగ్రీలకు పెరిగిందంటే, అదే బూస్ట్ దగ్గర గాలి సాంద్రత 6 శాతం తగ్గినట్టు. నాకింగ్ భయంతో ఈసీయూ తగ్గించే టైమింగ్ దీనికి అదనం. కాబట్టి ప్రతి రన్‌నూ ఒకే ఇన్‌టేక్ ఉష్ణోగ్రత దగ్గర మొదలుపెట్టాలి. కూలెంట్, ఆయిల్ కూడా పూర్తిగా వేడెక్కి, నిలకడగా ఉండాలి. రన్‌కీ రన్‌కీ మధ్య ఫ్యాన్ కింద చల్లారనివ్వండి. అలా కనీసం మూడు రన్‌లు తీయండి.

కరెక్షన్ దగ్గర జాగ్రత్త

ఆనాటి ఉష్ణోగ్రతను, గాలి పీడనాన్ని బట్టి డైనో సాఫ్ట్‌వేర్ అంకెను సవరిస్తుంది. ఎస్‌ఏఈ జే1349 ప్రమాణం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ పొడి గాలిని ఆధారంగా తీసుకుంటుంది. డీఐఎన్ 70020 తీసుకునేది 20 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్స్. అందువల్ల అదే రన్‌కు డీఐఎన్ అంకె దాదాపు 3 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. 200 దగ్గర ఇది 6. ముందు ఏది వాడితే తర్వాత కూడా అదే వాడాలి.

టర్బో కార్లకు ఇంకో చిక్కుంది. ఈ సవరణలు ముఖ్యంగా టర్బో లేని ఇంజిన్లను దృష్టిలో పెట్టుకున్నవి. ఎత్తయిన ప్రదేశంలో పొడి గాలి పీడనం 90 కిలోపాస్కల్స్ ఉంటే ఎస్‌ఏఈ సూత్రం దాదాపు 12 శాతం కలుపుతుంది. కానీ ఈనాటి టర్బో ఇంజిన్లు చాలావరకు మానిఫోల్డ్‌లోని (ఇంజిన్‌లోకి గాలిని పంచే గొట్టాల్లోని) పీడనాన్ని ఒక లక్ష్యానికి తగ్గకుండా పట్టి ఉంచుతాయి. బయట గాలి పల్చబడితే టర్బో ఇంకొంచెం వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది. అంటే పోని పవర్‌ను కూడా సాఫ్ట్‌వేర్ కలిపేస్తోందన్నమాట. అందుకే సవరించిన గ్రాఫ్‌తో పాటు సవరించని గ్రాఫ్ కూడా ప్రింట్ తీయించుకోండి, ఆ పూట వాతావరణ వివరాలు దాని మీదే ఉండాలి. వీలైతే రెండు కొలతలకూ ఒకే రకం వాతావరణం ఉన్న రోజులు ఎంచుకోండి. అప్పుడు సవరణ మీద పెద్దగా ఆధారపడక్కర్లేదు.

డైనో అందుబాటులో లేకపోతే

జీపీఎస్ పరికరంతో కూడా చక్కగా కొలవొచ్చు. సెకనుకు 10 సార్లైనా వేగం నమోదు చేసేది కావాలి. సెకనుకు ఒక్కసారే చూసే ఫోన్ యాప్ ఐదారు సెకన్ల పరీక్షకు చాలదు. ఇది ట్రాఫిక్ లేని ట్రాక్ మీద చేయాల్సిన పని, మామూలు రోడ్డు మీద అస్సలు వద్దు.

ఒకే గేర్‌లో 80 నుంచి 120 కిలోమీటర్ల వేగానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 65 దగ్గరే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేస్తే 80 వచ్చేసరికి బూస్ట్ నిండి ఉంటుంది. కారు మనుషులతో, ఇంధనంతో కలిపి 1400 కిలోలు అనుకుందాం. 80 అంటే సెకనుకు 22.2 మీటర్లు, 120 అంటే 33.3. ఈ రెండు వేగాల మధ్య గతిశక్తి తేడా 432 కిలోజౌళ్లు. మార్పుకు ముందు 6 సెకన్లు పడితే సగటున 72 కిలోవాట్లు, తర్వాత 5.2 సెకన్లు పడితే 83.1 కిలోవాట్లు. తేడా 11.1 కిలోవాట్లు, అంటే 15 పీఎస్. ఎదురుగాలిని చీల్చడానికి, టైర్లు దొర్లడానికి పోయే పవర్ ఈ లెక్కలో లేదు. అయినా అది రెండుసార్లూ దాదాపు ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే. వచ్చేది ఆ వేగాల మధ్య సగటు తేడా అని, గరిష్ఠ పవర్ తేడా కాదని మాత్రం గుర్తుంచుకోండి.

ట్రాక్ కంటికి సమంగా కనిపిస్తుంది కానీ నమ్మకండి. 100 కిలోమీటర్ల వేగంలో ఈ కారుకు ఒక్క శాతం ఎత్తు 3.8 కిలోవాట్లు తినేస్తుంది. మనం వెతుకుతున్న 11లో మూడో వంతు! అందుకే అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిపి సగటు తీయాలి. గాలి ప్రభావం కూడా దాంతో చాలావరకు సరిపోతుంది. కారును వేబ్రిడ్జి మీద తూయించండి. 70 కిలోల మనిషి ఒకరు అదనంగా కూర్చుంటే లెక్క 5 శాతం మారిపోతుంది.

ఇంకో దారి డ్రాగ్ స్ట్రిప్. 402 మీటర్ల చివర ఎంత వేగం వచ్చిందో చూడండి, పట్టిన సమయం కంటే అదే నమ్మదగినది. సమయం స్టార్టింగ్‌లో చక్రాలు జారాయా, పట్టాయా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. బరువు మారకపోతే పవర్ సుమారుగా ఆ వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. 150 నుంచి 154కి పెరిగితే పవర్ 8 శాతం పెరిగినట్టు.

ప్రతి రన్‌నూ లాగ్ చేయండి

ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ డేటా చదివే సాకెట్‌కు) రీడర్ తగిలించి ఆర్‌పీఎం, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, మానిఫోల్డ్ పీడనం, గాలి ప్రవాహం, స్పార్క్ టైమింగ్, లాంబ్డా (ఇంధనానికి తగినంత గాలి ఉందో లేదో చెప్పే అంకె, అది పెరిగితే పెట్రోల్ పాలు తగ్గినట్టు) రికార్డు చేయండి. అక్కడ కనిపించే మానిఫోల్డ్ పీడనం మొత్తం పీడనం. బయటి గాలి పీడనాన్ని తీసేస్తేనే బూస్ట్ వస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో సెకనుకు 100 గ్రాముల గాలికి సుమారు 120 నుంచి 130 హార్స్‌పవర్ అని ఒక మోటు లెక్క ఉంది, సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఇన్‌టేక్ పైపు వెడల్పు మార్చి ఉంటే మాత్రం గాలి ప్రవాహం కొలిచే సెన్సర్ చెప్పే గ్రాములే తప్పు కావచ్చు, అప్పుడు ఆ లెక్క పక్కన పెట్టేయండి.

రీమ్యాప్ అయిన గంటలోనే రెండో కొలత తీయకండి. కొన్ని రోజులు మామూలుగా నడిపితే ఈసీయూ తన సర్దుబాట్లు చేసుకుంటుంది. ఇంధనం కూడా ముందు వాడిన ఆక్టేన్‌దే (నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని చెప్పే అంకె) ఉండాలి. ఎక్కువ ఆక్టేన్ పోసి కొలిస్తే పెరిగింది దేనివల్లో తెలియదు.

వచ్చిన అంకెల్ని చదవడం

ముందు మూడు రన్‌లలో 168, 171, 169 వచ్చాయి, తర్వాత 183, 186, 184 వచ్చాయి అనుకుందాం. ఒకే కారు రన్‌ల మధ్య ఊగిసలాట 3, సగటుల మధ్య తేడా 15. ఇది నిజమైన పెరుగుదల. ఫిల్టర్ ఒక్కటి మార్చాక 170, 172, 169 వస్తే దాన్ని పెరుగుదల అనలేం. ఒక్కో మార్పు తర్వాత విడిగా కొలిస్తేనే ఏది ఎంత ఇచ్చిందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి బిగిస్తే మొత్తమే తెలుస్తుంది.

గరిష్ఠ అంకెతో ఆగిపోకండి. ప్రతి 500 ఆర్‌పీఎం దగ్గర ముందు టార్క్ ఎంత, తర్వాత ఎంత అని రాసి చూడండి. పెద్ద టర్బో పెట్టాక 6000 దగ్గర పవర్ బాగా పెరిగి, 2500 దగ్గర ఉన్నది కూడా పోవచ్చు. రోజూ నడిపే కారులో మీరు ఎక్కువసేపు గడిపేది ఆ 2500 దగ్గరే.

చక్రాల అంకెను ఇంజిన్ అంకెగా మార్చమని అడగకండి. నష్టం 15 శాతం అని పట్టుకుని 150ని 176గా, మార్పు తర్వాత వచ్చిన 200ను 235గా చూపిస్తారు. చక్రాల దగ్గర పెరిగింది 50 అయితే కాగితం మీద 59 అవుతుంది. గేర్‌బాక్స్, బేరింగుల నష్టం మొత్తం పవర్‌తో పాటు అదే శాతంలో పెరగదు, కాబట్టి ఆ 9కి ఆధారం లేదు.

అనుకున్నంత పెరగలేదనిపిస్తే లాగ్ తెరవండి. బూస్ట్ లక్ష్యాన్ని అందుకోలేదంటే లీక్‌నో, వేస్ట్‌గేట్‌నో (బూస్ట్‌ను అదుపు చేసే వాల్వ్) చూడాలి. బూస్ట్ సరిగానే ఉండి టైమింగ్ వెనక్కి వెళ్లిందంటే వేడినీ, ఇంధనాన్నీ అనుమానించాలి. ముందు ఫుల్ థ్రాటిల్‌లో 0.82 ఉన్న లాంబ్డా ఇప్పుడు 0.95 దాటుతుంటే పెట్రోల్ చాలడం లేదేమో చూడాలి. నిండు బూస్ట్‌లో మిశ్రమం అలా పలచబడితే పిస్టన్లు కరిగే ప్రమాదం ఉంది. పంపు, ఇంజెక్టర్లు, ఫ్యూయెల్ ప్రెషర్ సరిచూసే దాకా ఇంకో రన్ చేయకండి.