గుండుమల్లెకు గుండు కొట్టడం ఎలా?

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయి, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోందంటే మల్లెపొదను కత్తిరించే రోజులు వచ్చినట్టే. జనవరి నెలాఖరు మంచి సమయం. మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు మీదే. పాత కొమ్మ ఎంత గుబురుగా ఉన్నా లాభం లేదు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది నేను జాలిపడి చివర్లు మాత్రమే తుంచాను. ఆ వేసవంతా మా పెరట్లో ఆకులు, మార్కెట్లో మూర కొన్న పూలు.

ముందు నీళ్లు ఆపాలి. నేలలో ఉన్న మొక్కకు పది రోజులు, కుండీలోదానికి మూడు రోజులు చాలు. ఆకు వాడి కొంత రాలుతుంది, టెన్షన్ పడొద్దు.

తర్వాత కోత. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానికొకటి రాసుకునేవి మొదలంటా తీసేయండి. మిగతా కొమ్మలను నేల నుంచి అడుగున్నర ఎత్తులో, కుండీలో అయితే అడుగు లోపు, కణుపుకు కొంచెం పైన ఏటవాలుగా కత్తిరించాలి. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో కొమ్మ చీలిందంటే అక్కడి నుంచి కిందికి ఎండుతూ పోతుంది. చివరగా మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయండి. నేను ఈ పని చేసినప్పుడు మా అమ్మ చూసి, “ఇదేంట్రా, మొక్కకు తిరుపతిలో మొక్కుకున్నావా?” అంది.

ఇప్పుడు పాదు తవ్వి, నేలలో మొక్కకు పది కిలోల దాకా బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. కుండీకి రెండు దోసిళ్ల వర్మీ కంపోస్టు, గుప్పెడు వేపపిండి చాలు. పచ్చి పేడ వద్దు. నిండుగా ఒకసారి నీళ్లు పోసి, మళ్లీ పైమట్టి ఆరాకే పోయాలి. ఆకు లేని మొక్క ఎక్కువ నీళ్లు తాగలేదు. చాలా కుండీల్లో వేర్లు కుళ్లేది ఇక్కడే.

చిగుళ్లు వచ్చాక ఆకుల అడుగున ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) ఉందేమో చూడండి. ఉంటే నీళ్లను గట్టిగా చిమ్మి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయండి. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కితే ఇనుము తక్కువైనట్టు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి చల్లితే తేరుకుంటుంది. మొగ్గకు చిల్లు, గూడు కనబడితే తుంచి పారేయండి.

కత్తెర చేతిలో ఉంది కదా అని మామిడి జోలికి వెళ్లకండి, అది పూత మీద ఉంటుంది. మన దగ్గర గులాబీని గట్టిగా కత్తిరించేది అక్టోబరులో. ఇప్పుడు వాడిన పూలు తీస్తే చాలు.

మార్చి చివరికల్లా మొగ్గలు కనిపిస్తాయి. ఒక విడత పూలు అయిపోగానే ఆ కొమ్మల చివర్లు రెండు కణుపుల మేర తుంచండి, ఇంకో విడత వస్తుంది.