గురక, స్లీప్ ఆప్నియా: యంత్రం లేకుండా ఏది ఎవరికి పనిచేస్తుంది

మన ఇళ్లలో "గురక పెట్టి నిద్రపోతున్నాడు" అంటే ఒళ్లు మరిచి హాయిగా పడుకున్నాడనే అర్థం. వైద్యుల లెక్కలో మాత్రం గాలి వెళ్లే దారి ఎక్కడో ఇరుకైందని, ఆ ఇరుకులో అంగిలి, కొండనాలుక అదురుతున్నాయని అర్థం. ఆ దారి పూర్తిగా మూసుకుపోయి కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగడం, అలా రాత్రంతా పదే పదే జరగడం స్లీప్ ఆప్నియా. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం, గొంతులో దారి ఎందుకు మూసుకున్నా దాన్ని తెరిచే ఉంచుతుంది కనుక కారణం కోసం అంతగా వెతకనవసరం లేదు. యంత్రం వద్దనుకున్నవారికి మాత్రం ఆ వెతుకులాట తప్పదు.

గురక మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరితో మళ్లీ మొదలవుతుంటే

ఇది ఉత్త గురక కాకపోవచ్చు. పొద్దున్నే తలనొప్పి, ఎండిన నోరు, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, పగలు కునికిపాట్లు, మందులు వాడుతున్నా దిగని బీపీ తోడైతే అనుమానం బలపడుతుంది. పక్కన పడుకున్నవారు ఫోనులో ఒక గంట రికార్డు చేస్తే వైద్యుడికి పని సులువవుతుంది, కానీ తేల్చేది నిద్రలో ఊపిరి తీరును రాత్రంతా నమోదు చేసే పరీక్ష, స్లీప్ స్టడీయే. పెద్దవారిలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క 5 నుంచి 15 లోపు ఉంటే తేలిక, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రమైన దశలో ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, స్టీరింగు ముందు కునుకు తీసినవారు కింద చెప్పినవాటిని యంత్రానికి తోడుగా వాడాలే గాని, వైద్యుడిని అడగకుండా దానికి బదులుగా వాడకూడదు. కొందరిలో దారి తెరిచే ఉన్నా ఊపిరి తీయమనే ఆజ్ఞ మెదడు నుంచే సరిగా అందదు. వారికి ఈ ఉపాయాలు వర్తించవు.

వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువైతే

వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక మొదలు, అంగిలి బరువుకు వెనక్కి జారి గొంతును కప్పేస్తాయి. స్లీప్ స్టడీ నివేదికలో వెల్లకిలా ఉన్నప్పటి లెక్క, పక్కకు తిరిగినప్పటి లెక్క సాధారణంగా విడివిడిగా ఉంటాయి. చాలామంది ఆ వరుసను చదవనే చదవరు. మొదటిది రెండోదానికి రెట్టింపు లేదా అంతకు మించి ఉంటే పడుకునే తీరు మార్చడమే మొదటి చికిత్స. బనియను వెనకవైపు జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవడం పాత ఉపాయమే అయినా పనిచేస్తుంది. కాకపోతే కొన్ని వారాలకే విసిగి మానేసేవారు ఎక్కువ. వీపుకు ఆనించిన పొడుగు దిండు అంతకంటే ఓర్చుకోదగినది. తల ఎత్తు పెంచాలంటే దిండు మీద దిండు పేర్చవద్దు, మెడ వంగి దారి ఇంకా ఇరుకవుతుంది. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టడం మేలు.

ముక్కు దిబ్బడ, నోటితో ఊపిరి

అలర్జీ, వంకర ముక్కుదూలం, ముక్కులో పెరిగిన కండ ఇందుకు కారణాలు. కాచి చల్లార్చిన నీటితో చేసుకున్న ఉప్పునీటి కడుగుడు, వైద్యుడు రాసిన స్టీరాయిడ్ స్ప్రే అలర్జీకి సరిపోవచ్చు. వంకరకు శస్త్రచికిత్స ఉంది. దిబ్బడ వదిలించే చుక్కలను మాత్రం రోజుల తరబడి వాడితే దిబ్బడే తిరగబెడుతుంది. ముక్కు తెరుచుకుంటే గురక తగ్గుతుంది, నిద్ర హాయిగా ఉంటుంది. అయితే ఒక్క ముక్కును బాగుచేసినంత మాత్రాన ఆప్నియా పోవడం అరుదు. ఈ మధ్య ప్రచారంలోకి వచ్చిన నోటికి టేపు అంటించుకునే పద్ధతి, ముక్కు మూసుకున్నవారికి ప్రమాదకరం.

బరువు పెరిగినప్పటి నుంచి మొదలైతే

మెడలోనూ నాలుకలోనూ చేరిన కొవ్వు దారిని నొక్కుతుంది. బరువు 10 శాతం తగ్గితే ఆప్నియా లెక్క దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని దీర్ఘకాలిక పరిశీలనలో తేలింది. అంటే గంటకు 16 ఉన్నవారికి ఇది పెద్ద ఊరట, 60 ఉన్నవారికి చాలదు. ఊబకాయంతో కూడిన మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా 2024 డిసెంబరులో ఆమోదించింది. కారణం తెలియకుండా బరువు పెరిగి నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. మద్యం తాగిన రాత్రి, నిద్రమాత్ర వేసుకున్న రాత్రి మాత్రమే గురక పెరిగితే కారణం అక్కడే ఉంది. రెండూ గొంతు కండరాలను వదులు చేసేవే.

సన్నగా ఉన్నా గురక వస్తుంటే

కింది దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నదేమో చూడాలి. రాత్రిపూట కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం ఉంది. యంత్రం లేని చికిత్సల్లో తేలిక, మధ్యస్థ దశలవారికి నేను మొదట ఆలోచించమనేది దీన్నే. పంటి అచ్చు తీసి దంతవైద్యుడు చేసిచ్చేదానికి, వేడినీటిలో మెత్తబరిచి కొరికే చవకరకానికి చాలా తేడా ఉంది. దవడ నొప్పి, ఏళ్లు గడిచేకొద్దీ పళ్ల కలయికలో మార్పు రావచ్చు. పళ్లు చాలినన్ని లేనివారికి నిలవదు.

నాలుక, గొంతు కండరాల వ్యాయామాలు కూడా తీసిపారేయదగినవి కావు. ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం డిడ్జరిడూను నాలుగు నెలలు సాధన చేసినవారిలో ఆప్నియా తగ్గిందని 2006లో ఒక అధ్యయనం చెప్పింది. 2025లో జైపూర్ వైద్యులు 30 మందితో జరిపిన అధ్యయనంలో ఆరు నెలలు శంఖం ఊదినవారిలోనూ అటువంటి మేలే కనిపించింది. రెండూ చిన్నవే, మేలు కూడా ఒక మోస్తరుదే, పైగా రోజూ చేయాలి.

పిల్లవాడు గురక పెడుతుంటే

రోజూ గురక పెట్టే పిల్లలను చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. చాలాసార్లు పెరిగిన టాన్సిళ్లు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులే కారణం, వాటిని తొలగిస్తే ఎక్కువమందికి నయమవుతుంది.

ఏ మార్గం పట్టినా, శబ్దం తగ్గిందని అక్కడితో ఆపకూడదు. గురక వినిపించకుండానే ఊపిరి ఆగుతూ ఉండవచ్చు. కనుక పళ్ల పరికరం సర్దుబాటు పూర్తయ్యాక, లేదా బరువు చెప్పుకోదగినంత తగ్గాక, ఆ పరికరంతోనే, అదే పడక తీరుతోనే మరోసారి స్లీప్ స్టడీ చేయించి పాత నివేదిక పక్కన పెట్టి చూడాలి.