ఇటలీ ఎర్ర వైన్లు, 4వ పాఠం: పులుపు వేరు, వగరు వేరు

పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలామంది బార్బేరా ద్రాక్షతో చేసిన వైన్‌ను వగరన్నారు, నెబ్బియోలో ద్రాక్షతో చేసినదాన్ని చేదన్నారు. రెండూ తప్పే. అందుకే సీసా వెనక లేబుల్ సంగతిని ఈ పాఠం చివరికి నెట్టేశాను. ఏటా ఉగాదికి షడ్రుచులు లెక్కపెట్టేవాళ్లం, పులుపునీ వగరునీ కలిపేస్తే ఎలా?

పులుపు నోట్లో నీళ్లూరిస్తుంది. వగరు ఉన్న తడిని లాగేస్తుంది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి. దాంతో జారుడు పోయి నాలుక గరుగ్గా రాసుకుంటుంది. గుక్కెడు వైన్ పుక్కిలించి ఉమ్మేయండి. తల కాస్త ముందుకు వంచి, పెదాలు విడదీసి 10 సెకన్లు ఆగండి. నాలుక పక్కల నీరూరితే పులుపు. తర్వాత నాలుకతో పైచిగుళ్ల లోపలివైపు తడమండి. ఎండినట్టు గరుగ్గా తగిలితే వగరు.

ఇంకా తేలకపోతే వంటింట్లోకి వెళ్లండి. 150 మి.లీ. మరిగిన నీళ్లలో రెండు టీ బ్యాగులు 10 నిమిషాలు ఉంచి, పాలూ చక్కెరా లేకుండా చల్లార్చండి. ఇది వగరు (కాస్త చేదు కూడా ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి). 200 మి.లీ. నీళ్లలో చెంచాడు నిమ్మరసం పులుపు. రెండూ సగం సగం కలిపితే నెబ్బియోలో వైన్‌కి ఎముకల గూడు లాంటిది తయారు.

ఇప్పుడు వాయవ్య ఇటలీలోని పియెమోంతే ప్రాంతపు లాంగె కొండలకు. అక్కడి మరో ద్రాక్ష దొల్చెత్తోలో పులుపు తక్కువ, వగరు ఓ మోస్తరు. బార్బేరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. నెబ్బియోలోలో రెండూ ఎక్కువే, రంగు మాత్రం పల్చన. రంగు చూసి వగరును అంచనా వేసినవాళ్లు అక్కడే దొరికిపోయారు. మూడూ ఒకే చిన్న వైనరీవి కొనండి. అక్కడ దొరకడం మామూలే: ఎండ బాగా తగిలే దక్షిణపు వాలు నెబ్బియోలోకి ఇస్తారు, చల్లటి చోట్లలోనూ పండే దొల్చెత్తోకి మిగతాది. బరోలో (అదీ నెబ్బియోలో వైనే) ఇప్పుడే వద్దు. లేబుల్‌పై ‘లాంగె నెబ్బియోలో’ అని ఉన్నది చాలు.

బార్బేరా లేబుల్‌పై ‘సుపీరియొరె’ అని ఉంటే పక్కన పెట్టండి. దాన్ని కొన్ని నెలలు చెక్క పీపాలో ఉంచాలని నిబంధన. కొత్త పీపా అయితే చెక్క టానిన్లు చేరి లెక్క తప్పిస్తాయి. మరీ చల్లగా పోసినా వగరు ఎక్కువ అనిపిస్తుంది. 16–18 డిగ్రీలు సరిపోతుంది. మన వేసవిలో అయితే సీసాను ఐసు నీళ్ల బకెట్లో 10–15 నిమిషాలు ముంచండి.

ఇక వెనక లేబుల్. ‘అజియెండా అగ్రికోలా’ అంటే సొంత తోట ద్రాక్షతో చేసిన వైన్. ‘ఇంబొత్తిల్యాతో ఆల్లొరీజినె’ అంటే పండించినవాళ్ల దగ్గరో, వాళ్ల సహకార సంఘంలోనో, ఆ ప్రాంతంలోని సంస్థలోనో సీసాల్లో నింపారని. ఉత్త ‘ఇంబొత్తిల్యాతో దా’ ఉంటే నింపింది ఎవరో మాత్రమే తెలుస్తుంది, వైన్ బయట కొన్నదైనా కావచ్చు. ముందువైపు కోట బొమ్మకు ఏ విలువా లేదు.

అభ్యాసం: మూడు గ్లాసుల అడుగున పేర్లు అంటించి, వేరొకరితో పోయించి, వరస మార్పించండి. ఒక్కోదానికి పులుపు, వగరు, చేదు మూడింటికీ 0 నుంచి 5 వరకు మార్కులు వేయండి. వగరు గుక్క గుక్కకీ పేరుకుంటుంది కాబట్టి మధ్యలో ఉత్త బ్రెడ్డు ముక్క తిని రెండు నిమిషాలు ఆగండి. ఆరు విడతలు చేయాలి. ఐదింట్లో మూడు పేర్లూ సరిగ్గా చెప్పగలిగితేనే 5వ పాఠం తెరవండి.