ఇంట్లో డేకేర్ పెట్టారా? పక్కింటోళ్ళతో గొడవ ముదరకుండా ఇలా చేయండి

మన భీమవరం, తణుకు, అమలాపురం వైపు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకెళ్తుంటే తాతయ్యలు, అమ్మమ్మలేమో పల్లెలో ఉంటారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలని 2017లో చట్టం మార్చారు గానీ, చిన్న బట్టల షాపులో చేసే అమ్మాయికి అది అందదు కదండీ. అందుకే వీధిలో ఒకావిడ తనింట్లోనే పిల్లల్ని చూసుకోడం మొదలెడుతుంది, నెల తిరక్కుండానే ఎదురింటి మావయ్యగారితో మాటా మాటా వస్తుంది.

పెట్టేవాళ్ళు ముందు పొద్దున్న పిల్లల్ని దింపే టైమ్‌లో గేటు దగ్గర నిలబడి చూడండి. నాలుగు బళ్ళు ఒకేసారి వచ్చి, ఒకాయన హారన్ కొట్టి, ఇంకొకావిడ ఏడ్చే పిల్లాడ్ని సముదాయిస్తూ పక్కింటి గేటుకి అడ్డంగా స్కూటీ వదిలేస్తుంది, లోపల మావయ్యగారు బండి తియ్యలేక నిలబడిపోతారు. చాలాచోట్ల గొడవంతా ఇదే, పిల్లల ఏడుపు కాదు. బళ్ళు వీధి మొగలో ఆపి నడిపించుకు రమ్మని పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఒక్కొక్కరికీ పది నిమిషాలు తేడాగా టైమ్ ఇవ్వండి.

మధ్యాహ్నం పెద్దోళ్ళు కునుకు తీసేటప్పుడు రైమ్స్ సౌండ్ తగ్గించాలి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ అని 2000 నాటి రూల్ ఉంది గానీ, దాన్ని పట్టుకుని ఎవరూ వాదనకి దిగొద్దండి, మాటలు ఇంకా పెరుగుతాయి. డైపర్లు డ్రైనులోనో బోదెలోనో పడేయడం మాత్రం ఘోరం, మున్సిపాలిటీ చెత్త బండికే ఇవ్వాలి. కాలవ గట్టు పక్క ఇల్లయితే గేటుకి పిల్లలకందని ఎత్తులో గెడ పెట్టించండి, ఇది పక్కింటోళ్ళు చెప్పక ముందే చేయాల్సిన పని. అద్దిల్లయితే ఓనర్‌తో కాగితం రాయించుకోండి, అపార్ట్‌మెంటయితే అసోసియేషన్‌ని అడగండి, లైసెన్సుల సంగతి వార్డు సచివాలయంలో కనుక్కోండి.

ఇబ్బంది పడేవాళ్ళకీ ఒక మాట. ఏ రోజు, ఏ టైమ్‌కి, ఏం జరిగిందో రాసుకుని నేరుగా ఆవిడతోనే మాట్లాడండి, పసిపిల్లల్ని వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి, అది తప్పు. పిల్లల్ని కొడుతున్నారనో, వదిలేస్తున్నారనో అనిపిస్తే మాత్రం ఆలోచించకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఎంతకీ తెగకపోతే పోలీస్ స్టేషన్ కంటే ముందు న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి మండల న్యాయ సేవా కమిటీ దగ్గరకి వెళ్ళండి. వాళ్ళు పెట్టే లోక్ అదాలత్‌లో (ఇద్దరికీ రాజీ కుదిర్చే చోట) కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే బళ్ళు ఎక్కడ ఆపాలి, ఎన్నింటికి మూయాలి అన్నీ అందులోనే వివరంగా రాయించుకోండి.